ఎమెత్: సత్యాన్నీ నమ్మకాన్నీ ఒకే మాటలో చెప్పే హీబ్రూ పదం – తరచుగా అడిగే ప్రశ్నలు

బైబిల్‌ను శ్రద్ధగా చదివేవాళ్లు, ప్రసంగాలు సిద్ధం చేసుకునేవాళ్లు, హీబ్రూ అక్షరాలు కొత్తగా దిద్దుతున్నవాళ్లు ఎమెత్ గురించి అడిగే సందేహాలు దాదాపు ఒకటే. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. వచనాల సంఖ్యలు తెలుగు బైబిల్ ప్రకారం ఇచ్చాం.

## మొదటి పరిచయం: పలకడం, రాయడం, పుట్టుక

ఎమెత్ అంటే సత్యమా, నమ్మకమా? ఒక్క ముక్కలో చెప్పండి.

రెండూ. ఆనుకుంటే ఒరగనిది ఎమెత్. చెప్పిన మాటకు వాడితే అది సత్యం. మనిషికి వాడితే నమ్మదగినతనం, ఇచ్చిన మాట తప్పని గుణం. వస్తువుకు వాడితే కల్తీ లేని అసలు సరుకు. తెలుగులో "మాట మీద నిలబడే మనిషి" అంటాం కదా, ఆ నిలబడటమే ఈ పదానికి ప్రాణం.

ఎలా పలకాలి? ఒకరు ఎమెత్ అంటారు, ఒకరు ఎమెట్ అంటారు, ఇంకొకరు ఎమెస్ అంటారు.

రెండు ఎ-లూ హ్రస్వాలే. ఊనిక "మెత్" మీద పడుతుంది. చివరి అక్షరం పేరు తావ్ కాబట్టి తెలుగులో "త్" రాయడమే మేలు. "ఎమెస్" తప్పు కాదు, తూర్పు ఐరోపా యూదుల సంప్రదాయ ఉచ్చారణ అది. మనవాళ్లు చేసే పొరపాటు వేరే ఉంది: ఎ-ని యె-గా మార్చి "యెమెత్" అనడం. మాట మొదట్లో "య" లేదు.

హీబ్రూలో ఏ అక్షరాలతో రాస్తారు?

ఆలెఫ్, మేమ్, తావ్. మూడే అక్షరాలు, కుడి నుంచి ఎడమకు. అచ్చు గుర్తులు పెడితే మేమ్ కింద మూడు చుక్కలు, ఆలెఫ్ కింద ఆ మూడు చుక్కలతో పాటు నిలువుగా మరో రెండు చుక్కలు వస్తాయి. మూడు చుక్కల గుర్తును సెగోల్, అయిదు చుక్కల గుర్తును హతఫ్ సెగోల్ అంటారు. వార్తాపత్రికల్లో, దుకాణాల బోర్డుల మీద చుక్కలు ఉండవు.

ఆలెఫ్‌ను వదిలేస్తే మిగిలేది "మెత్", అంటే చనిపోయినవాడు. మట్టిబొమ్మకు ప్రాణం పోసిన గోలెం కథల్లో ఒక రూపం దీని మీదే నడుస్తుంది: నుదుటి మీద ఎమెత్ అని రాస్తే బొమ్మ లేస్తుంది, మొదటి అక్షరం చెరిపేస్తే కూలిపోతుంది.

ఆమేన్‌కూ దీనికీ ఒకటే ధాతువు అంటారు. అందులో "న" ఉంది, ఇందులో లేదు. ఎలా?

ధాతువు ఆలెఫ్-మేమ్-నూన్. స్థిరంగా ఉండటం, ఆధారంగా నిలవడం దాని మూలార్థం. ఎమెత్‌లో చివర స్త్రీలింగ ప్రత్యయమైన తావ్ చేరింది. దాని ముందున్న నూన్ తావ్‌లో కలిసిపోయింది. ఆ కలయికకు గుర్తు ఇప్పటికీ కనిపిస్తుంది: "అతని సత్యం" అనడానికి "అమిత్తో" అంటారు. అక్కడ త ద్విత్వమైంది చూడండి, అందులో ఒకటి పాత నూనే. యోనా తండ్రి పేరు అమిత్తయి కూడా ఎమెత్ నుంచి వచ్చిందే.

ఈ ధాతువు నుంచి వచ్చిన మిగతా మాటలు ఏవి?

ఆమేన్ (అలాగే నిలుచుగాక), ఎమూనా (నమ్మకత్వం, విశ్వాసం), నెఎమాన్ (నమ్మదగినవాడు), హెఎమీన్ (నమ్మాడు).

వీటికన్నా కళ్లకు కట్టేవి ఓమెన్, ఓమెనెత్: బిడ్డను ఎత్తుకుని పెంచే మగమనిషి, ఆడమనిషి. సంఖ్యాకాండం 11:12లో "పాలు తాగే పిల్లను ఎత్తుకున్నట్టు ఈ జనాన్ని నేను మోయాలా?" అని మోషే మొరపెట్టుకున్నప్పుడు వాడింది ఓమెన్ అనే మాట. రూతు 4:16లో నయోమి పసిబిడ్డను ఒడిలోకి తీసుకుని అతనికి ఓమెనెత్ అయింది. నిర్గమకాండం 17:12 ఇంకా సూటిగా ఉంటుంది. యుద్ధం జరుగుతుండగా మోషే చేతులు బరువెక్కాయి. ఒక రాయి తెచ్చి ఆయన్ను కూర్చోబెట్టారు. అహరోను ఒకవైపు, హూరు ఒకవైపు చేతులు పట్టుకున్నారు. పొద్దుగుంకేదాకా ఆ చేతులు "ఎమూనా"గా ఉన్నాయి. ఇక్కడ ఎమూనా అంటే మనసులోని విశ్వాసం కాదు, వాలిపోకుండా నిలకడగా ఉండటం. ఈ ఒక్క వచనం గుర్తుంటే ఈ ధాతువు దారి తప్పదు.

ఉర్దూలోని ఈమాన్, అమానత్ కూడా ఇదేనా?

అవును. అరబిక్, హీబ్రూ ఒకే భాషాకుటుంబానివి, అలిఫ్-మీమ్-నూన్ అనే అదే ధాతువు అరబిక్‌లోనూ ఉంది. ఈమాన్ (విశ్వాసం), అమానత్ (నమ్మి అప్పగించిన సొత్తు), అమీన్ (నమ్మదగినవాడు) అందులోంచే వచ్చాయి. తెలుగులోకి అమానతు, కోర్టు అమీనా అన్న మాటలు ఆ దారిలోనే చేరాయి. అయితే అరబిక్‌లో సత్యానికి వాడేది ఈ ధాతువు కాదు. హక్, సిద్క్ అనే వేరే మాటలున్నాయి. సత్యాన్నీ నమ్మకాన్నీ ఒకే ధాతువుతో ముడివేసింది హీబ్రూ.

## అర్థం: ఎక్కడ ఏ ఛాయ

ఎమెత్ అంటే మామూలు "నిజం" అన్న అర్థం అసలు లేదా? వాస్తవం, అబద్ధం అని తేల్చే నిజం?

ఉంది, గట్టిగానే ఉంది. ద్వితీయోపదేశకాండం 13:14 ఒక విచారణ పద్ధతి చెబుతుంది: వెతకాలి, పరిశోధించాలి, బాగా అడిగి తెలుసుకోవాలి, విషయం ఎమెత్ అని తేలితేనే శిక్ష. అది అచ్చంగా సాక్ష్యాలతో రుజువైన నిజం. 1 రాజులు 10:6లో షేబ రాణి "నేను నా దేశంలో విన్న మాట ఎమెత్" అంటుంది. విన్నది, చూసింది సరిపోయాయని అర్థం. "హీబ్రూవాళ్లకు వాస్తవంతో పని లేదు, సంబంధమే ముఖ్యం" అని కొందరు చెబుతుంటారు. ఈ వచనాల ముందు ఆ మాట నిలవదు.

మనిషిని "ఎమెత్ మనిషి" అంటే ఏమని అర్థం?

పని అప్పగించి నిశ్చింతగా ఉండగలిగిన మనిషి. నెహెమ్యా 7:2లో యెరూషలేము కోట అధిపతి హనన్యాను "ఈష్ ఎమెత్" అన్నారు. అతను నిజాలు చెబుతాడన్నది మాత్రమే కాదు ఇక్కడి సంగతి. తలుపులు ఎప్పుడు తీయాలో, ఎప్పుడు మూయాలో అతనికి వదిలేయవచ్చు. నిర్గమకాండం 18:21లో మోషేకు మామ ఇచ్చిన సలహా కూడా చూడండి. న్యాయం తీర్చేవాళ్లకు కావలసిన లక్షణాల్లో "అన్‌షే ఎమెత్" అన్నదాని పక్కనే లంచాన్ని అసహ్యించుకోవడం ఉంది. డబ్బు చూపిస్తే మారిపోనివాడే ఎమెత్ మనిషి.

వస్తువులకు, పరిస్థితులకు కూడా వాడతారా?

వాడతారు. యిర్మీయా 2:21లో "జెరా ఎమెత్" అంటే కల్తీ లేని విత్తనం. నాటింది మంచి ద్రాక్ష, తీరా మొలిచింది వేరే జాతి అన్న బాధ ఆ వచనానిది. యిర్మీయా 14:13లో "షలోం ఎమెత్" అంటే నాలుగు రోజులకు చెదిరిపోని సమాధానం. యెహోషువ 2:12లో రాహాబు వేగులవాళ్లను "ఓత్ ఎమెత్" అడిగింది, రేపు పనికొచ్చే గురుతు కావాలని.

ఎమెత్‌కూ ఎమూనాకూ తేడా ఏమిటి?

రెండూ అక్కచెల్లెళ్లు. చాలాచోట్ల ఒకదాని బదులు ఒకటి వస్తాయి కూడా. తేడా మొగ్గులో ఉంది. ఎమూనా మనిషి నడత వైపు మొగ్గుతుంది: నిలకడ, బాధ్యత తప్పకపోవడం. ఎమెత్ ఆ నడతనూ చెబుతుంది, మాటలోని సత్యాన్నీ చెబుతుంది. పాత నిబంధనలో ఎమెత్ 127 సార్లు, ఎమూనా 49 సార్లు వస్తాయి.

హబక్కూకు 2:4లో నీతిమంతుడు దేని వల్ల బతుకుతాడని ఉందో అది ఎమూనా. తెలుగు బైబిల్ "విశ్వాసము" అంది. హీబ్రూ మాటలో "నమ్మకంగా నిలబడటం" అన్న అర్థం బలంగా ఉంది. వ్యాఖ్యానాల్లో రెండూ కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

"హెసెద్ వె-ఎమెత్" అనే జంట ఎందుకు అన్నిసార్లు వస్తుంది? తెలుగులో అదేనా "కృపాసత్యములు"?

అదే. హెసెద్ అంటే బంధం కోసం చేసే దయ, చట్టం అడిగినదానికన్నా ఎక్కువ చేయడం. ఎమెత్ అంటే ఆ దయ మధ్యలో ఆగిపోదన్న భరోసా. జంటగా వచ్చినప్పుడు ఎమెత్‌లోని సత్యం కన్నా నమ్మకత్వం పైకి వస్తుంది.

ఆదికాండం 24:27లో అబ్రాహాము సేవకుడు దేవుణ్ణి స్తుతిస్తూ ఈ జంట వాడాడు, తెలుగులో అది కృప, సత్యం అయింది. ఆదికాండం 47:29లో చావు దగ్గరపడిన యాకోబు యోసేపును పిలిచి, తనను ఐగుప్తులో పాతిపెట్టవద్దని మాట తీసుకుంటూ అదే జంట వాడాడు. తెలుగులో అక్కడ "దయను నమ్మకమును" అని వచ్చింది. మాట మార్చింది అనువాదకుల పొరపాటు వల్ల కాదు. తాను పోయాక కొడుకు మాట తప్పకూడదని తండ్రి అడుగుతుంటే "సత్యం చూపించు" అని రాస్తే తెలుగు చెవికి అందదు. ఆ వచనంలో అనువాదకులు చేసింది సరైన పని. నష్టమల్లా ఒకటే: రెండు చోట్లా ఉన్నది ఒకే జంట అని తెలుగు పాఠకుడికి తెలియకుండా పోయింది.

నిర్గమకాండం 34:6, కీర్తన 85:10, 2 సమూయేలు 2:6, 15:20 కూడా ఈ జంట ఉన్న వచనాలే. వీటన్నిటినీ ఒకే రోజు వరుసగా చదివితే పది వ్యాఖ్యానాలు చదివినంత స్పష్టత వస్తుంది.

యోహాను 1:14లోని "కృపాసత్యసంపూర్ణుడు" కూడా ఎమెతేనా?

ఆ సువార్త గ్రీకులో ఉంది, అక్కడి మాట అలేథెయా. కానీ పాత నిబంధనను గ్రీకులోకి మార్చినవాళ్లు ఎమెత్‌కు ఎక్కువగా అలేథెయానే వాడారు. అందువల్ల యోహాను 1:14 వెనుక నిర్గమకాండం 34:6 వినిపిస్తోందని చాలామంది పండితులు అంటారు. "వెనుక వినిపిస్తోంది" అనడం న్యాయం. "యోహాను ఎమెత్ అని రాశాడు" అనడం తప్పు.

## చదివేటప్పుడు: గుర్తుపట్టడం, అనువదించడం

తెలుగు బైబిల్‌లో "సత్యము" అని ఉన్నచోటల్లా ఎమెత్ అనుకోవచ్చా?

అనుకోకూడదు. ఎమూనాకు కూడా "సత్యము" వాడిన సందర్భాలున్నాయి. ఎమెత్‌కు "నమ్మకము", "నిజము", "నిజముగా" వాడిన సందర్భాలున్నాయి. కొత్త నిబంధనలో ఉన్నవి గ్రీకు మాటలు. తెలుగు మాట చూసి హీబ్రూ మాట ఊహించే పద్ధతి ఎటు నుంచి చూసినా పనికిరాదు.

మరి నాకు హీబ్రూ రాదు. ఒక వచనంలో ఎమెత్ ఉందో లేదో ఎలా చూడాలి?

స్ట్రాంగ్స్ నంబర్లు (బైబిల్‌లోని ఒక్కో మూలభాషా పదానికి ఇచ్చిన వరుస సంఖ్యలు) చూపించే ఏ బైబిల్ యాప్ అయినా చాలు.

1. వచనం తెరిచి, మాటల కింద నంబర్లు కనిపించే అమరిక ఎంచుకోండి.
2. హెచ్ 571 ఉంటే ఎమెత్. హెచ్ 530 అయితే ఎమూనా, హెచ్ 543 అయితే ఆమేన్, హెచ్ 539 అయితే అమాన్ అనే క్రియ.
3. పక్కన హెసెద్ (హెచ్ 2617) ఉందేమో చూడండి. ఉంటే జంటగా చదవాలి.
4. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో ముందు వెనుక అయిదారు వచనాలు చదివి తేల్చుకోండి. నంబరు మాటను గుర్తుపట్టి ఇస్తుందే గానీ అర్థాన్ని ఎంచి ఇవ్వదు.

హీబ్రూ ప్రతిలో వెతికేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. చాలా కీర్తనల శీర్షికను అక్కడ మొదటి వచనంగా లెక్కిస్తారు. తెలుగులో 85:10 అన్నది హీబ్రూలో 85:11. ద్వితీయోపదేశకాండం 13:14 అక్కడ 13:15 అవుతుంది. వచనంలో మాట కనిపించకపోతే ఒకటి కిందికి చూడండి.

అనువాదం చేసేటప్పుడు ఏ తెలుగు మాట వాడాలి?

సాక్ష్యం, వార్త, విచారణ గురించి అయితే నిజం. దేవుని మాట, బోధ గురించి అయితే సత్యం. మనుషుల మధ్య ఒప్పందం, అప్పగింత అయితే నమ్మకం. విత్తనం, గురుతు లాంటివాటికి అసలైన, నికరమైన. "విధేయత" వాడవద్దని మా సలహా. ఆ మాటలో పైవాడికి లోబడటం ఉంది, ఎమెత్‌లో ఇద్దరూ కట్టుబడటం ఉంది. "విశ్వాసం" కూడా జాగ్రత్తగా వాడాలి: తెలుగు క్రైస్తవ వాడుకలో అది దేవుణ్ణి నమ్మడం అనే అర్థంలో స్థిరపడింది. ఎమెత్ మాత్రం నమ్మడం కాదు, నమ్మదగినట్టు ఉండటం.

## ప్రార్థనలో, ఆచారంలో

ఆమేన్ అంటే "ప్రార్థన అయిపోయింది" అనేనా?

కాదు. "ఇది నిలుస్తుంది, నేనూ దీనికి కట్టుబడ్డాను" అని. ద్వితీయోపదేశకాండం 27:15–26లో పన్నెండు శాపాలు చదువుతారు, ఒక్కొక్కదానికీ ప్రజలంతా ఆమేన్ అనాలి. అక్కడ అది సంతకం లాంటిది. అందుకే ఆమేన్ వేరొకరి మాటకు జవాబుగా ఎక్కువ వస్తుంది. యేసు మాత్రం తాను చెప్పబోయే మాటకు ముందే అన్నాడు. యోహాను సువార్త గ్రీకులో "ఆమేన్ ఆమేన్" అనే జంట 25 సార్లు ఉంది, తెలుగు బైబిల్‌లో అది "నిశ్చయముగా" అయింది. ప్రకటన 3:14లో "నమ్మకమైన సత్యసాక్షి", "ఆమేన్" పక్కపక్కనే వస్తాయి. ధాతువులోని ఛాయలన్నీ ఒకే వచనంలో చూడాలంటే అది చూడండి.

మసీదులో వినిపించే ఆమీన్ కూడా ఈ మాటే.

యూదుల ప్రార్థనలో ఎమెత్ ఎక్కడ వస్తుంది?

ఉదయం, సాయంత్రం చదివే షెమా అనే విశ్వాస ప్రకటన పూర్తయిన వెంటనే. షెమా చివరి మాటలు "అదొనాయ్ ఎలోహేఖెం" (మీ దేవుడైన ప్రభువు). ఆ తర్వాతి ఆశీర్వచనం ఎమెత్ అనే మాటతో మొదలవుతుంది: ఉదయం "ఎమెత్ వె-యత్సీవ్", సాయంత్రం "ఎమెత్ వె-ఎమూనా". రెండిటి మధ్య ఆగకూడదన్నది నియమం. యిర్మీయా 10:10లో దేవుడు, ఎమెత్ అనే రెండు మాటలు పక్కపక్కన ఉండటమే దానికి ఆధారం. షెమాలో 245 మాటలున్నాయి. సమాజంగా ప్రార్థించేటప్పుడు నడిపించేవాడు "అదొనాయ్ ఎలోహేఖెం ఎమెత్" అని మళ్లీ అనడంతో 248 అవుతాయి. మనిషి ఒంట్లోని అవయవాలకు సంప్రదాయం చెప్పే లెక్క అది.

చావు కబురు విన్నప్పుడు కూడా ఎమెత్ అంటారట?

"బారూఖ్ దయ్యాన్ హా-ఎమెత్" అంటారు: సత్యమైన న్యాయాధిపతి స్తుతి పొందుగాక అని. "హెసెద్ షెల్ ఎమెత్" అనే మాట కూడా చావుకు సంబంధించిందే. శవానికి స్నానం చేయించడం, బట్ట కట్టడం, పాతిపెట్టడం వంటి సేవను అలా పిలుస్తారు. చనిపోయినవాడు తిరిగి మేలు చేయలేడు కాబట్టి అందులో ప్రతిఫలం మీద ఆశ ఉండదన్నది రషీ అనే వ్యాఖ్యాత ఆదికాండం 47:29కి చెప్పిన వివరణ.

తెలుగువాళ్లలో యూదు సంప్రదాయం పాటించేవాళ్లు ఉన్నారా?

ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయీం అనే చిన్న సమాజం ఉంది. వాళ్లకు సొంత సినగాగు (యూదుల ప్రార్థనా మందిరం) ఉంది.

## ప్రసంగాల్లో దొర్లే పొరపాట్లు

ఆలెఫ్ మొదటి అక్షరం, మేమ్ మధ్య అక్షరం, తావ్ చివరి అక్షరం, అందుకే సత్యం అన్నిటినీ కప్పుతుంది అని చెప్పవచ్చా?

యూదు సంప్రదాయం అలా చెబుతుంది అని చెప్పండి. మాట అర్థమే అది అని చెప్పకండి. లెక్క కూడా సరిగా చూసుకోండి: హీబ్రూ అక్షరాలు 22, అందులో మేమ్ 13వది, కచ్చితంగా మధ్యది కాదు. అయిదు అక్షరాలకు మాట చివర వచ్చే వేరే రూపాలున్నాయి. వాటిని కూడా వరుసలో కలిపితే 27 అవుతాయి, అప్పుడు మేమ్ 14వది, నట్టనడుమ. యూదు పండితుల బోధల పాత సంకలనమైన తాల్మూద్‌లో దీనికి జతగా ఇంకో మాట ఉంది. అబద్ధానికి హీబ్రూ పదం షెకెర్. దాని మూడు అక్షరాలు వర్ణమాలలో పక్కపక్కనే ఉంటాయి, ఎమెత్ అక్షరాలు దూరదూరంగా ఉంటాయి. అబద్ధం ఎక్కడబడితే అక్కడ దొరుకుతుంది, సత్యం కోసం దూరం నడవాలి అని వాళ్ల భాష్యం. చక్కటి బోధ అది, బోధగానే చెప్పాలి.

సంఖ్యల విలువ 441 అంటారు. దానికేమైనా అర్థం ఉందా?

హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య విలువ ఉంటుంది: ఆలెఫ్ 1, మేమ్ 40, తావ్ 400, మొత్తం 441. అది 21ని 21తో గుణిస్తే వచ్చే సంఖ్య. వచనానికి అర్థం చెప్పడానికి ఇది సాయపడదు.

ధాతువుకు "స్థిరం" అని అర్థం కాబట్టి ప్రతి వచనంలో ఎమెత్‌ను "స్థిరత్వం" అని చదవవచ్చా?

చదవకూడదు. మాట పుట్టుక వేరు, వాడుక వేరు. షేబ రాణి "విన్నది ఎమెత్" అన్నప్పుడు ఆమె మనసులో స్థిరత్వం లేదు, విన్న కబురు నిజమని తేలడమే ఉంది. ధాతువు నుంచి వేదాంతం అల్లేయడం మీద 1961లో జేమ్స్ బార్ అనే బైబిల్ పండితుడు గట్టి విమర్శ చేశాడు. ఆ తర్వాత పండితులు వాక్యాన్ని బట్టి అర్థం తేల్చడానికే మొగ్గు చూపుతున్నారు. ధాతువు మీకు దిక్కు చూపిస్తుంది, తీర్పు మాత్రం వాక్యానిది.

## నేటి హీబ్రూలో, పేర్లలో, బోర్డుల మీద

ఇజ్రాయెల్‌లో రోజువారీ మాటల్లో ఎమెత్‌ను ఎలా వాడతారు?

"బెఎమెత్?" అంటే "నిజంగానా?". "హా-ఎమెత్ షె..." అంటే "నిజం చెప్పాలంటే...". "తగీద్ లీ ఎత్ హా-ఎమెత్" అంటే "నాకు నిజం చెప్పు". ఆడవాళ్లతో అయితే "తగీదీ". "అమితీ" అంటే అసలైన. ఎమెత్ స్త్రీలింగం కాబట్టి విశేషణం కూడా స్త్రీలింగంలోనే రావాలి: "ఎమెత్ మరా", చేదు నిజం.

ఇప్పటి వాడుకలో ఎమెత్‌కు సత్యం అన్న అర్థమే మిగిలింది. మనిషి నమ్మకస్తుడని చెప్పాలంటే "నెఎమాన్", నమ్మకానికి "ఎమూన్" అంటారు. పార్లమెంటులో పెట్టే అవిశ్వాస తీర్మానాన్ని "హత్సాఅత్ ఈ-ఎమూన్" అంటారు. యజమాని దగ్గర మీ నమ్మకత్వం గురించి చెప్పుకోవాలంటే ఎమెత్ వాడితే పొరపాటుగా వినిపిస్తుంది.

అమిత్ అనే పేరు ఎమెత్ నుంచి వచ్చిందా?

రాలేదు. హీబ్రూ అమిత్ ఆయిన్ అనే వేరే అక్షరంతో మొదలవుతుంది, అర్థం తోటివాడు. మన అమిత్ సంస్కృతం "అమిత" నుంచి వచ్చింది, అంటే కొలతకు అందనిది. మూడూ మూడు వేర్వేరు మాటలు.

ఎమెత్ అని హీబ్రూలో బోర్డు రాయించాలి. ఏం చూసుకోవాలి?

అచ్చువేసే ముందు కాగితం మీద మూడు సంగతులు సరిచూడండి. కుడి చివర ఆలెఫ్ ఉండాలి. హీబ్రూకు పనికిరాని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే అక్షరాలు తిరగబడి తావ్ కుడికి వచ్చేస్తుంది. మేమ్ మామూలు రూపంలో ఉండాలి, మాట చివర వాడే మూసిన పెట్టె రూపంలో కాదు. తావ్ ఎడమ కాలికి అడుగున చిన్న పాదం ఉండాలి. అది లేకపోతే హేత్ అనే అక్షరంలా కనిపిస్తుంది. చుక్కలు పెట్టకపోయినా ఫర్వాలేదు. పెడితే రెండు అక్షరాల కిందా పెట్టాలి. ఒక్కదాని కిందే వదిలేస్తే చదివేవాళ్లు తడబడతారు. చెక్కించేది రాయి మీద అయితే, హీబ్రూ చదవగలిగినవాళ్లకు ఫోటో పంపి సరేననిపించుకున్నాకే పని మొదలుపెట్టించండి.